రాతికంచె సిరా

రాతికంచె ఉపఎన్నిక నాడు ఉదయం నుంచే బడి ముందు క్యూలు రోడ్డు దాకా సాగాయి. ఒక గదిలో కొత్త కాలనీల వాళ్ల పోలింగు, పక్క గదిలో కంకర బస్తీ వాళ్ల పోలింగు. జగదీశ్వర్ గేటు బయట వేపచెట్టు నీడన నిలబడి, ఓటు వేసి వస్తున్న వాళ్ల మొహాలు కాకుండా ఎడమ చేతి చూపుడు వేళ్లు చూస్తున్నాడు. ఆ వేళ్ల మీద ఉన్నది అతను తయారుచేసిన సిరా.

పైకి అది మామూలు ఎన్నికల సిరాలాగే నీలంగా ఉంటుంది. ఓటరు నిశ్చింతగా వచ్చి ఓటు వేసి వెళితే నీలంగానే ఉండిపోతుంది. లోపల భయం పెట్టుకుని వేస్తే మాత్రం రెండు మూడు గంటల్లో ఇటుక రంగుకు తిరుగుతుంది. ఏ బూత్‌లోనైనా పదిమందిలో ఒకరికి మించి రంగు తిరిగితే అక్కడ మళ్లీ పోలింగు పెట్టాలని ఓటరు రక్షణ మండలి నియమం చేసింది. రాష్ట్రంలో మొదటి ప్రయోగానికి రాతికంచెను ఎంచుకున్నారు. ఎంచుకునేలా చేసింది జగదీశ్వరే. అతను పుట్టింది ఆ కంకర బస్తీలోనే.

సిరా వెనుక ఉన్న సంగతి ప్రయోగశాలలో అనుకోకుండా బయటపడింది. అతని దగ్గర పనిచేసే ఫరీదాకు బొద్దింకలంటే ప్రాణం పోతుంది. ఒకరోజు ఆమె వేలికి సిరా పూసి, ఎదురుగా బొద్దింకలున్న సీసా మూత తీశారు. ఆమె కేక పెట్టి కుర్చీ ఎక్కింది కానీ సిరా రంగు మారలేదు. కొన్ని వారాల తరువాత, ఇంట్లో కుదిర్చిన సంబంధం వద్దని పెళ్లివారికి తానే కబురు పంపి, ఆ సంగతి తండ్రికి ఎప్పుడు తెలుస్తుందోనని రోజంతా పనిలో తల దూర్చి కూర్చుంది ఫరీదా. ఆనాడు పరీక్ష కోసం పూసుకున్న సిరా మధ్యాహ్నానికల్లా ఇటుక రంగుకు వచ్చింది. ఉలికిపాటు వేరు, దాచుకున్న భయం వేరు. రెంటికీ చెమటలో వేరు వేరు రసాయనాలు పుడతాయి. ఆ రెండోదాన్ని ఎవరి వేలి మీదైనా తప్పకుండా పట్టుకోవడానికి వాళ్లిద్దరికీ ఏళ్లు పట్టింది.

"సార్, రంగు పైకి కనబడకుండ చేద్దాం. దీపం కింద పెడితేనే తెలిసేటట్టు" అని ఫరీదా ఒకసారి అంది.

"దాచబట్టే ఇన్నేండ్లు గిట్లయింది. కనబడాలె" అన్నాడు జగదీశ్వర్. ఆమె మళ్లీ ఏదో అనబోతే కాగితాల్లోకి తల దించుకున్నాడు. ఆ విషయం మీద మళ్లీ మాట రాలేదు.

ఇన్నేళ్లు అని అతను ఊరికే అనలేదు. రాతికంచె నియోజకవర్గం పుట్టినప్పుడు అక్కడ ఉన్నవి కొండలు, క్వారీలు, క్వారీల్లో రాళ్లు కొట్టే కుటుంబాలు. క్వారీ దొర నిలబడితే ఎదురు నిలబడేవాడే లేడు. జగదీశ్వర్ తల్లి ఉతికిన చీర కట్టుకుని, పిల్లవాడి చేయి పట్టుకుని ఒకసారి ఓటు వేయడానికి వెళ్లింది. గుమ్మంలోనే దొర మనిషి "నీ ఓటు పడ్డదవ్వా, ఎండల ఎందుకొచ్చినవ్? ఇంటికి వో" అన్నాడు. ఆమె వెనక్కి తిరిగి వచ్చి, చీర మడిచి పెట్టేసి, క్వారీకి పోయింది.

ఒకే ఒక్కసారి దొర ఓడిపోయాడు. ఒక బడిపంతులు అతి తక్కువ ఓట్లతో గెలిచాడు. నెల తిరగకముందే బస్తీ వాళ్లకు క్వారీలో పని బందైంది. బోరింగుకు తాళం పడింది. ఆ వేసవంతా ఆడవాళ్లు రెండు గుట్టలు దాటి నీళ్లు మోశారు. తరువాతి ఎన్నికల్లో ఎవరూ ఎవరినీ బెదిరించనక్కర లేకపోయింది. దొర తరువాత దొర కొడుకు గెలుస్తూ వచ్చాడు. ఈలోగా పట్నం పెరిగి రాతికంచెను మింగింది. పెరిగిన ఓటర్లను రెండు నియోజకవర్గాలుగా కోశారు. క్వారీ గుంతల పక్కన అపార్టుమెంట్లు లేచాయి. దొర కొడుకు చనిపోవడంతో ఇప్పుడీ ఉపఎన్నిక. పోటీలో ఉన్నది దొర మనవడు, బస్తీ ఇళ్ల పట్టాల కోసం కోర్టుల చుట్టూ తిరిగిన ఒక వకీలు, ఇంకా కొందరు స్వతంత్రులు.

"మన రెండు ఓట్లు వకీలుకే" అని ముందు రోజు భోజనాల దగ్గర జగదీశ్వర్ భార్యతో అన్నాడు. పుష్పలీల తల ఊపింది. ఆమె కాలనీ బడిలో తెలుగు టీచరు. వాళ్ల ఇంట్లో ఇలాంటివి ఎప్పుడూ చర్చకు రావు. అతను చెబుతాడు, ఆమె వింటుంది. అది ఒద్దికైన కాపురమని అతని నమ్మకం.

పోలింగు నాడు మధ్యాహ్నం అతను భోజనానికి ఇంటికి వచ్చాడు. పుష్పలీల పొద్దున్నే ఓటు వేసి వచ్చింది. జొన్నరొట్టె కంచంలో వేసి, కూర వడ్డించడానికి ఆమె గరిటె అందుకున్నప్పుడు అతని కళ్లు ఆమె వేలి మీద ఆగిపోయాయి. ఇటుక రంగు.

అతను ఆమె చేయి పట్టుకుని కిటికీ వెలుగులోకి తిప్పాడు.

"ఇదేంది?"

"మీ సిరానే."

"ఓటేసే ముందట ఏమన్న అయిందా? ఎవడన్న ఏమన్న అన్నడా?"

"నన్నెవరంటరు?"

"మరి? పసుపు పట్టుకున్నవా? ఫినాయిల్ ముట్టుకున్నవా? బీపీ గోలీ కొత్తది మార్చిన్రా?"

"చెయ్యి ఇడువుండ్రి. నొస్తుంది."

వదిలేశాడు. సిరాలో ఎక్కడో లోపం ఉంది, ఈ సీసాను ల్యాబులో చూడాలి అనుకుంటూ కంచంలోకి వంగాడు. ఆ తరువాత మాట్లాడలేదు. జగదీశ్వర్ ఎవరినీ కొట్టిన మనిషి కాడు, గొంతు పెంచి ఎరగడు. మనసుకు నచ్చనిది జరిగితే మాట మానేస్తాడు. ఒకసారి కూతురిని తనతో చెప్పకుండా నాట్యం క్లాసులో చేర్పించిందని వారం పైగా పుష్పలీలతో మాట్లాడలేదు. ఆ వారమంతా తల్లీ కూతుళ్లు గిన్నెలు చప్పుడు కాకుండా పెట్టుకున్నారు. తాను మాత్రం శాంతంగా ఉన్నాననే అనుకున్నాడు.

సాయంత్రం మండలి ఉద్యోగులు ఇంటింటికీ తిరిగి వేళ్ల ఫొటోలు తీశారు. అవి వస్తూ ఉండగా ఫరీదా ల్యాబులో లెక్క వేస్తోంది.

"సార్, ఇది ఉల్టా వస్తున్నది. కాలనీల ఆడవాళ్లల్ల అయిదుగురిల ఒకరికి రంగు తిరిగింది. బస్తీల మాత్రం మొత్తం మీద పదకొండు మందికే."

జగదీశ్వర్ తెర మీదికి వంగి చూశాడు. అతను ఎదురుచూసింది బస్తీ అంతా ఇటుక రంగుకు తిరుగుతుందని. బస్తీ నీలంగా ఉంది. కాసేపటికి అతని మొహం విప్పారింది.

"అంటే బస్తీల భయం పోయిందన్నట్టు, ఫరీదా. మా అమ్మ ఉంటే బాగుండు."

 ఫరీదా ఆ పదకొండు ఫొటోలను మళ్లీ మళ్లీ చూస్తోంది. అన్నీ ఆడవాళ్ల చేతులే.

అప్పుడే పుష్పలీల ఫోన్ వచ్చింది. "స్వరూప చెయ్యి కాలింది. దవాఖానల ఉన్న. మీరు రావాలె" అని పెట్టేసింది.

స్వరూప అతనికి తెలుసు. బస్తీలో మగ్గం పని చేస్తుంది. కాలనీ పెళ్లిళ్లకు జాకెట్ల మీద పూసలు, జరీ కుట్టేది ఆమే. పుష్పలీల ఆమె దగ్గరే కుట్టించుకుంటుంది. మొగుడు లారీ మీద ఊళ్లు తిరుగుతాడు. ఇంటికి పెద్ద మొగుడి అన్న మల్లేశం. బస్తీ ఓట్లన్నీ మూటగట్టి దొర మనవడికి అప్పజెప్పే పెద్దమనిషి కూడా అతనే.

జగదీశ్వర్ వెళ్లేసరికి స్వరూప మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఎడమ చేతికి మణికట్టు దాకా కట్టు కట్టారు. పుష్పలీల పక్కన కూర్చుని ఆమెకు నీళ్లు తాగిస్తోంది.

"ఏమైందమ్మా?" అన్నాడు.

స్వరూప పుష్పలీల వైపు చూసింది. చెప్పమన్నట్టు ఆమె తల ఊపింది.

"ఫొటోలోళ్లు పోంగనే మా బావ అందర్ని కమ్యూనిటీ హాలు ముంగట నిలవెట్టిండు సార్. ఆడోళ్లను, మొగోళ్లను. 'వేలు సూపియ్యుండ్రి' అన్నడు. ఒక్క ఓటు కూడ పక్కకు పోదని దొర మనవనికి మాటిచ్చిండట. మా పదకొండు మంది వేళ్లు పట్టుబడ్డయి. నాది జూసి బావ మొకం తెల్లవోయింది. 'దొర మనుషులు వస్తున్నరు, ఈ రంగు కనవడితే నన్ను సంపుతరు' అన్నడు. సబ్బు వెట్టి రుద్దిండు, సున్నం వెట్టిండు. పోలేదు. పొయ్యి మీద పెనం ఉండె..."

స్వరూప కట్టు కట్టిన చేయి ఒళ్లోకి తీసుకుంది. 

"మిగిలినోళ్లవి నీలంగనే ఉన్నయా?" అని అడిగాడు జగదీశ్వర్. 

"ఉన్నయి సార్. బావ చెప్పిన గుర్తుకే ఏసిన్రు గద."

అతను బయటికి వచ్చి దవాఖానా మెట్ల మీద కూర్చున్నాడు. రోడ్డు మీద గెలుపు ముందే ఖాయం చేసుకున్న దొర మనవడి బండ్లు డప్పులతో పోతున్నాయి. ఇన్నేళ్లు ల్యాబులో తాను కొలిచింది ఏమిటో ఆ డప్పుల చప్పుడులో అతనికి అర్థమైంది. చెప్పినట్టు వేసినవాడికి ఇంక భయం ఏముంటుంది? వాడు బూత్‌లోకి నెమ్మదిగా వెళ్లి నెమ్మదిగా వస్తాడు. కాదని వేసినవాడికే గుండె కొట్టుకుంటుంది, చేయి చెమర్చుతుంది. బెదిరించినవాడిని పట్టుకోవడానికి అతను సిరా చేశాడు. ఎదిరించినవాళ్లను అది ఒక్కొక్కరినీ వేలు పెట్టి చూపించింది. బడిపంతులు గెలిచిన ఏడాది దొర ఏ ఇల్లు ఎటు వేసిందో తెలియక బస్తీ మొత్తానికి నీళ్లు ఆపాడు. ఈసారి ఆ ఇబ్బంది కూడా లేకుండా చేశాడు తను.

పుష్పలీల వచ్చి పక్క మెట్టు మీద కూర్చుంది.

"ధైర్యం చేసినోళ్లకే రంగు తిరిగింది" అన్నాడు. "నాకిప్పుడు తెలిసింది."

"నాకు మధ్యాహ్నమే తెలిసింది."

"ఎట్ల?"

"మీరు నా చెయ్యి పట్టుకొని వెలుతురుకు తిప్పిన్రు సూడుండ్రి, అప్పుడు."

 హాలు ముందు నిలబడి వేళ్లు చూసిన మల్లేశం, కిటికీ దగ్గర నిలబడి వేలు చూసిన తను అతని కళ్ల ముందు పక్కపక్కన నిలబడ్డారు.

"అంటే నువ్వు వకీలుకు..." అని సగంలో ఆగాడు.

"అది మీకు తెల్వకుండ ఉండాల్సిన ముచ్చట" అంది పుష్పలీల. "తెల్వదనే ధైర్యంతోనే లోపలికి పోయిన. అయినా గుండె దడదడ కొట్టుకున్నది. ఇన్నేండ్ల కాపురం చేసినంక ఒక మీట నొక్కడానికి గంత భయమేందని నాకే సిగ్గనిపించింది."

"నేనెన్నడన్న నిన్ను ఒక్క మాటన్ననా, లీలా?"

"అనలేదు. ఎన్నడు అనలేదు. అనకుండ ఎన్ని దినాలుంటరోనని నా భయం."

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. అదే అతన్ని ఎక్కువ బాధించింది. ఆమె లేచి స్వరూప దగ్గరికి లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు ఉదయం మండలి కార్యదర్శి విఠల్‌రావు అతన్ని పిలిపించాడు. గది నిండా పూలగుత్తులు ఉన్నాయి.

"అన్ని పార్టీలు మెచ్చుకున్నయి జగదీశ్వర్. దొర మనవడు స్వయంగ ఫోన్ చేసిండు. రాష్ట్రమంత పెట్టాలంటున్నడు."

"ఎందుకంటున్నడో మీకు తెలుసా సార్?"

జగదీశ్వర్ అంతా చెప్పాడు. స్వరూప గురించి చెప్పాడు. చివరికి తన ఇంటి సంగతి కూడా దాచలేదు. విఠల్‌రావు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"కాలనీల లెక్క పక్కన పెడుదాం. ఇండ్లల్ల భయాలు ఎన్నికల భయాలు కావు. ఇగ బస్తీ సంగతి అంటవా, రంగు కంటికి కనబడకుండ చెయ్యి. దీపం కింద మనమే చూసుకుందాం."

"ఆ దీపం ఇవ్వాళ మీ చేతుల ఉంటది. రేపు ఎవరి చేతుల ఉంటదో మీరు చెప్పగలరా?"

విఠల్‌రావు కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. "ఇది బయట అన్నవంటే ల్యాబు ఉండదు. నీ మీద విచారణ వేస్తరు. ఆలోచించుకో" అన్నాడు. అతను చెడ్డవాడేమీ కాదు. ఆ మాట కూడా మెల్లగా, హితవులాగే అన్నాడు.

జగదీశ్వర్ నేరుగా ల్యాబుకు వెళ్లాడు. ఫరీదా రాత్రి సరిగా నిద్రపోనట్టుంది, కళ్లు ఉబ్బి ఉన్నాయి. స్వరూప సంగతి ఆమెకు అప్పటికే తెలిసింది.

"పేపరోళ్లను పిలిచి సిరా వద్దని చెప్దామనుకుంటున్న" అన్నాడు.

"చెప్పుండ్రి సార్. రంగు పైకి కనబడాలన్నప్పుడు మీరొక్కరే అన్నరు. ఇప్పుడు తీసేస్తమన్నప్పుడు మీరొక్కరే అంటున్నరు. నా ఏండ్లు కూడ ఇందులనే పోయినయి. నన్నెవరడుగుతరు?"

ఆ మాట అంటూనే ఆమె భయపడింది. జగదీశ్వర్ ఇప్పుడు తల దించుకుని కాగితాల్లోకి పోతాడని ఆమెకు తెలుసు. అతనికీ అలవాటు కొద్దీ మెడ వంగబోయింది. కుర్చీ లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

"నిన్ను అడగాల్సింది. అడగలేదు. ఇప్పుడు అడుగుతున్న. నువ్వు వద్దంటే పేపరోళ్లను పిలవను, ఇంకేం చెయ్యాల్నో ఇద్దరం కూసొని ఆలోచిద్దాం."

ఫరీదా తన చూపుడు వేలు చూసుకుంది. తన వేలి మీద మొదటిసారి రంగు తిరిగిన రోజున, పరీక్ష నెగ్గిందన్న సంతోషంలో తండ్రి అంటే ఉన్న భయాన్ని కూడా మరిచిపోయి గంతులు వేసిన మనిషి ఆమె.

"దీపం మాట నేనే అన్న సార్. అది కూడ తప్పే" అంది. "ఎవరి భయం వాళ్ల దగ్గర్నే ఉండాలె. తీసేద్దాం."

ఇద్దరూ కలిసి విలేకరుల ముందు కూర్చున్నారు. తమ సిరా రహస్య ఓటును బట్టబయలు చేసిందని, దాని వల్ల ఒక మనిషి చేయి కాలిందని, ఆ తప్పు తమదేనని జగదీశ్వర్ చెప్పాడు. సిరా తయారీ విధానం ఎవరికీ ఇవ్వబోమని ఫరీదా చెప్పింది. సాయంత్రానికల్లా ల్యాబుకు సీలు పడింది. జగదీశ్వర్ ఉద్యోగం పోయింది, ఇద్దరి మీదా విచారణ మొదలైంది. మల్లేశాన్ని పోలీసులు పట్టుకుపోయారు. దొర మనవడి జోలికి ఎవరూ పోలేదు. స్వరూప వేలు మాత్రం మునుపటిలా వంగదని డాక్టర్లు తేల్చేశారు. సూది పట్టుకునే చేయి కుడిదే అయినా, గుడ్డ కింద దారాన్ని అందించే వేలు అదే. రాతికంచెలో పోలింగు రద్దు చేసి, పాత సిరాతో మళ్లీ పెట్టాలని ఉత్తర్వులు వచ్చాయి.

రెండోసారి పోలింగు నాడు మబ్బు పట్టి ఉంది. పుష్పలీల పొద్దున్నే తయారై, "నేను బస్తీ మీదికెళ్లి స్వరూపను తోలుకొని పోత. మీరు వెనుక రాండ్రి" అంది. ఎవరికి వేయాలన్న మాట ఆ ఇంట్లో ఈసారి రాలేదు.

జగదీశ్వర్ బడికి చేరేసరికి బస్తీ వాళ్ల క్యూ గేటు దాకానే ఉంది. మునుపటి సంఖ్య లేదు. రాని వాళ్లు చాలామంది ఉన్నారు. స్వరూపతో పాటు పట్టుబడ్డ పదిమందిలో నలుగురే వచ్చారు. స్వరూప వస్తుందని ఎవరూ అనుకోలేదు. ఆమె తలంటుకుని, నూనె రాసి జడ వేసుకుని, కట్టు కట్టిన చేయి కొంగులో పెట్టుకుని వచ్చింది. క్యూలో ముందున్న ఆడవాళ్లు జరిగి దారి ఇచ్చారు. ఆమె వద్దని చివర నిలబడింది.

జగదీశ్వర్ వంతు వచ్చేసరికి పక్క గదిలో స్వరూప వంతు వచ్చింది. రెండు గదుల మధ్య తలుపు తీసే ఉంది. సిరా పూసే ఉద్యోగి ఆమె కట్టు చూసి, బ్రష్షు చేతిలో పట్టుకుని తటపటాయించాడు.

"ఈ వేలికి ఎట్ల పెట్టాలమ్మా?" అన్నాడు.

"పక్క వేలుంది గద సారూ" అంది స్వరూప. కట్టు కింద నుంచి మధ్య వేలు జాపింది. చేయి కొద్దిగా వణుకుతోంది. ఆ వణుకు దేనిదో చెప్పే సిరా ఇప్పుడు ఆ గదిలో లేదు. ఉద్యోగి నీలి గీత గీశాడు. ఆమె అట్టపెట్టె చాటుకు వెళ్లింది. లోపలి నుంచి మీట మోత వినిపించింది. బయటికి వచ్చినప్పుడు ఆమె మొహం చూసి ఎవరూ ఏమీ పోల్చుకోలేకపోయారు.

ఓట్లు లెక్కపెట్టిన నాడు దొర మనవడే గెలిచాడు. కానీ వాళ్ల వంశానికి ఎప్పుడూ రానంత తక్కువ మెజారిటీ వచ్చింది. బస్తీ పెద్దలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. తగ్గిన ఓట్లు ఎవరివో వాళ్లకు తెలియలేదు. బోరింగుకు తాళం వేయడానికి ఇప్పుడు బోరింగులు లేవు, ఇంటింటికీ నల్లాలు ఉన్నాయి.

ఆ సాయంత్రం జగదీశ్వర్, పుష్పలీల స్వరూప ఇంటి నుంచి నడిచి వస్తున్నారు. కుట్టడం నేర్చుకుంటామని వచ్చిన ఇద్దరు అమ్మాయిలకు స్వరూప మాటతోనే పని చెప్పడం మొదలుపెట్టింది. అది చూసి వచ్చారు.  పుష్పలీల వేలి మీద నీలి గీత చెక్కుచెదరకుండా ఉంది. అతను దానివైపు చూడకుండా ఉండటానికి ప్రయత్నించాడు.

"లీలా" అన్నాడు. "నువ్వు ఎవరికి వేసినవో నేను ఎన్నడు అడగ."

పుష్పలీల నడక ఆపలేదు.

"అడగనని కూడ చెప్పకుండ్రి" అంది.

అతను సరేనన్నట్టు తల ఊపాడు. మలుపు తిరగగానే కూరగాయల బండి కనిపించింది. రాత్రికి ఏం వండుదామని అతను అడిగాడు. పుష్పలీల ఆగి, ఆ ప్రశ్న కొత్తగా విన్నట్టు అతని మొహంలోకి చూసి, కాసేపు నిజంగానే ఆలోచించింది.